చాంద్‌పాషా గడ్డానికి సాక్ష్యం

మా పక్కింటి బ్రహ్మచారికి అనుమానమే ఊపిరి. అద్దంలో తన ముఖం కనబడినా, ఎక్కడో చూసినట్టుందే అని ఇంకోసారి చూస్తాడు. సికింద్రాబాద్ స్టేషన్ పార్శిల్ ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా గుమాస్తా. పోలీసు యాక్షన్ అయిదు రోజుల్లో ముగిసిందని రేడియో చెబితే, "ఆరో రోజు సంగతి ఎవలు జూసిన్రు?" అన్నాడు.

ఆ అక్టోబరులో, గలాటాల్లో తప్పిపోయిన పిల్లల్ని స్టేషన్ దగ్గర ఒక బడిలో ఉంచారు. బడిపంతులిని కదా అని నన్ను ఆదివారం ఒక్కరోజు సాయానికి రమ్మంటే ఈయన్నీ లాక్కెళ్ళాను. "ఒక్కరోజే ఎందుకు? రెండో రోజు ఏమైతది?" అంటూనే వచ్చాడు.

బడి చూసుకునే అనసూయమ్మగారు పిల్లలు దేవుళ్ళంటూ అరగంట ఉపన్యాసం ఇచ్చింది. నాకు ఆవలింతలు.

"దేవుళ్ళయితే బిస్కెట్ల డబ్బాకు తాళమెందుకమ్మా?" అన్నాడు బ్రహ్మచారి.

దాగుడుమూతల్లో దొంగ ఆయనే. కళ్ళు మూసుకోమంటే ససేమిరా అన్నాడు. చివరికి ఒక కన్ను మూయడానికి బేరం కుదిరింది. ఏ కన్నో పిల్లలు తేల్చారు.

మధ్యాహ్నం చాంద్‌పాషా అనే ఆయన వచ్చాడు. నాలుగేళ్ళ పీరాంబీకి మేనమామనన్నాడు. ఆ పిల్ల వచ్చినప్పటి నుంచి నోరు విప్పలేదు.

"దీని అమ్మ భువనగిరిల ఉన్నది సాబ్. పది దినాల సంది బువ్వ ముడ్తలేదు. నాలుగు గంటల బండికి తీస్కపోత."

పిల్ల అతన్ని చూసి అనసూయమ్మగారి కొంగు చాటున దాక్కుంది. సంతకం పెట్టించుకుని పంపేద్దామంది ఆవిడ. బ్రహ్మచారి అడ్డుపడ్డాడు.

"గుర్తు కలవకుంటె నేను మామిడిపండ్ల బుట్టనే ఇయ్య. పిల్లనెట్ల ఇస్త? ఏమయ్యా, నీ చెంపలు నల్లగున్నయి, గదుమ తెల్లగున్నది. ఏందీ?"

చాంద్‌పాషా తల దించుకున్నాడు. "మైదాకు వెట్టిన ఎర్ర గడ్డముండె సాబ్. గడ్డం జూస్తె రజాకారంటున్నరు. బండ్ల పరేషాన్ జేస్తరని పొద్దుగాల గీయించుకున్న. గందుకే పిల్ల గుర్తువడ్తలేదు."

"గడ్డముండెనని సాక్ష్యమేంది?"

"గడ్డానికి ఇంకేం సాక్ష్యం సాబ్? గడ్డమే సాక్ష్యం."

మూడు దాటింది. "మీ అనుమానానికి ఆ తల్లిని ఇంకెన్నాళ్ళు పస్తుంచుతారు?" అన్నాను. నన్ను కూడా అనుమానంగా చూసి, వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నెలు తోమే కొబ్బరి పీచు తెచ్చి చాంద్‌పాషా గదుమకు అదిమిపట్టాడు.

"ఇప్పుడు పిలువు."

"పీరా," అన్నాడు చాంద్‌పాషా, పీచులోంచి.

పిల్ల తొంగి చూసింది. "మామూ" అంటూ ఉరికొచ్చి గడ్డం పట్టుకు లాగింది. అది కాస్తా చేతికి ఊడొచ్చింది. దాన్నోసారి, మామనోసారి చూసి పకపకా నవ్వి, తీసుకెళ్ళి బ్రహ్మచారి గదుమకు పెట్టింది.

తీరా స్టేషన్లో సాగనంపబోతే, బ్రహ్మచారి కూడా వాళ్ళతో బండెక్కాడు.

"ఇంకా అనుమానమేనా?"

"ఇల్లు చేరేదాక భరోసా ఏంది పంతులుగారూ?" అని రైల్వే కోటు గుండీలు పెట్టుకుని రైలు డబ్బా తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు. ఇంతలో ఇద్దరు తొంగిచూసి, చాంద్‌పాషాను ఎవడ్రా నువ్వని అడిగారు.

"నా పార్శిల్. మీరెవలు?" అన్నాడు బ్రహ్మచారి. వాళ్ళ తండ్రి పేరు, తాత పేరు అడగడం మొదలుపెట్టేసరికి ఇద్దరూ పక్క డబ్బాకు పోయారు.

మర్నాడు అడిగాను, ఆ తల్లి ఎలా ఉందని.

"బువ్వ తిన్నది. నాకు సుత వెట్టిన్రు."

"అయితే అనుమానం తీరినట్టే."

"ఒక్కసారికి తీరలె. మళ్ల వడ్డించుమన్న."