దడికి తడక

2012లో కోదాడలో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు, ఆదివారం మధ్యాహ్నాలు హాస్టల్లో మా గదిలో ముగ్గురం ఒక కథల ఆట ఆడేవాళ్లం. మిర్యాలగూడ నుంచి వచ్చిన సీనియర్ అక్క కథ నడిపేది. నడిగూడెం నుంచి వచ్చిన నా రూమ్మేటూ, సూర్యాపేట దాన్నైన నేనూ అందులో పాత్రలం. ఏం చేయదలచుకున్నామో చెప్పి, మా వంతు వచ్చినప్పుడు లూడో పాచిక వేయాలి. అక్క జిరాక్స్ తీయించిన ఇంగ్లీషు పుస్తకంలో మంత్రాలుండేవి. ఒక్కోదానికి రెండు మూడు వాక్యాలే. మిగతాది మేమే తేల్చుకోవాలి. నేను పెద్దగా మాట్లాడను కనుక, తేల్చినవన్నీ డైరీలో రాసే పని నాకు పడింది.

రక్షణ వలయం అనే మంత్రంతో చిక్కు వచ్చింది. చుట్టూ గీత గీస్తే శత్రువు లోపలికి రాలేడని పుస్తకంలో ఉంది. లోపలున్నవాళ్లు బయటికి పోవచ్చా అన్నది లేదు. మొదటిసారి నా రూమ్మేట్ ఆ గీతను ఒక రాక్షసుడి చుట్టూ గీసి, వాడిక బయటికి రాలేడని వాదించి గెలిచింది. వాళ్లది గొర్రెలు కాసే ఇల్లు. తమ దొడ్డినే సాక్ష్యంగా తెచ్చింది.

నెల తర్వాత ఆమె ఆడే వేటగత్తె, తోడేళ్లకు భయపడి తన చుట్టూ అదే గీత గీసుకుంది. అక్క ఆ అడవికి నిప్పు పెట్టింది.

"నేను బయటికి ఉరుకుతున్న," అంది రూమ్మేట్.

"ఎట్ల ఉరుకుతవ్? రాక్షసుడు బయటికి రాలేడని నువ్వే అంటివి గదా," అంది అక్క.

"వాడు రాక్షసుడక్కా. నేను మనిషిని."

"నువ్వు మనిషివని మంత్రానికేం ఎరుక? డైరీల ఏమున్నదో సూడమను."

ఏడాదిగా ఆడుతున్న పాత్ర. చస్తే మళ్లీ రాదు, అది మా నియమం. రూమ్మేట్ నా వంక చూసింది. అదేదీ రాయలేదని నేనంటే సరిపోతుంది, నా చేతిరాత ఎలాగూ అక్కకు అర్థం కాదు. పేజీ దొరికింది. దాని మీద వేలు పెట్టి కాసేపు ఊరుకున్నాను.

తర్వాత, రాక్షసుడప్పుడు రూమ్మేట్ అన్న మాటలు ఉన్నవున్నట్టు చదివాను. "దడి కడితే తోడేలు లోపలికి రాదు, గొర్రె బయటికి పోదు, పొద్దుగాల మా నాయిన తడక తీసేదాక."

"తడకేంది?" అంది అక్క.

"దడికి దారి ఉండదా అక్కా? దానికి అడ్డం పెట్టేది." రూమ్మేట్ లేచి కూర్చుంది. "కట్టినోడే తీస్తడు. నేను కట్టిన, నేనే తీస్త."

"ఈ పుస్తకం రాసినోళ్లకు గొర్లు లేనట్టున్నయి," అని అక్క నవ్వింది. "సరే. తియ్యనీకె ఒక వంతు పడతది. అందాక మంట నీదే. పాచిక ఎయ్."

మూడు పడింది. విల్లు కాలిపోయింది, వేటగత్తె మిగిలింది.

గీత గీసినవాళ్లే దాన్ని తీయగలరని ఆ రోజు రాసుకున్నాను. ఏది అవసరమో ఏది కాదో తెలియక ఆ రోజుల్లో విన్నదంతా రాసేదాన్ని, వాళ్ల నాయిన తడక కూడా అలాగే డైరీలోకి వచ్చింది. పేజీ మీద వేలు పెట్టి ఆగిన ఆ కాసేపటి గురించి మాత్రం రాయలేదు.