కాటా మీద బాబాయి

ముందే ఒప్పేసుకుంటున్నానండి, నేను దేన్నైనా పెంచి చెబుతాను. నా ఈడువాళ్ళు వినేటప్పుడే నాలుగుతో భాగించుకుంటారు. నిన్న మా పక్కింటావిడ పొట్ట తగ్గించే ఆపరేషన్ చేయించుకొచ్చి, జీవితాంతం మింగాల్సిన బిళ్ళల డబ్బా, మళ్ళీ పరీక్షలకి వెళ్ళాల్సిన తేదీల కాగితం చూపిస్తుంటే, భీమవరంలో రైస్‌మిల్లు నడిపిన మా బాబాయి గుర్తొచ్చాడు.

ఎనభైల మొదట్లో నేను ఆ మిల్లులోనే గుమాస్తాని. బాబాయి రిక్షా ఎక్కితే తొక్కేవాడు గాల్లోకి లేచేవాడు. పంక్తిలో కూర్చుంటే అటూ ఇటూ రెండేసి విస్తళ్ళు ఎత్తేయాల్సిందే. మోకాళ్ళు పోయి, ఆయాసం ముదిరి, చివరికి మద్రాసు వెళ్ళి, పేగులో చాలా భాగం పక్కన పెట్టించి, మిగతాది కలిపి కుట్టించుకొచ్చాడు. తిన్నది ఒంటికి పట్టదు కనుక బలం మందు మానకూడదనీ, మూణ్ణెల్లకోసారి వచ్చి రక్తం చూపించుకోవాలనీ డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

అప్పట్నించి ప్రతి శుక్రవారం బాబాయి బస్తాలు తూచే కాటా ఎక్కడం, బరువు దిగిన కొద్దీ మేమంతా చప్పట్లు కొట్టడం; ఆ మోతకి యానాంలో కాకులు లేచిపోయేవి. పిన్ని టానిక్ సీసా పట్టుకొచ్చి "డాక్టరుగారు రాసిచ్చింది కదండీ, ఒక్క చెంచా" అంటే, "లక్షణంగా కోయించుకొచ్చి తగ్గుతున్నాను, మళ్ళీ టానిక్ పోసి పెంచుతావేంటే!" అనేవాడు. మా వైపు టానిక్ అంటే బక్క పిల్లలకి ఒళ్ళు రావడానికి పోసేదే మరి. అందరూ నవ్వేవారు. నేనొక్కణ్ణే "పిన్ని చెప్పింది నిజం బాబాయ్, తాగు" అన్నాను.

విరేచనాలు కట్టలేదు, జుట్టు ఊడింది, సందెపడితే చూపానక గుమ్మం తడుముకునేవాడు. తగ్గేటప్పుడు అంతేలే అనుకున్నాం. మళ్ళీ మద్రాసు తీసుకెళ్ళేసరికి, "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ?" అన్నాడు డాక్టరు. చప్పట్లు కొడుతున్నామని ఎలా చెబుతాం? బాబాయి తిరిగి రాలేదు.

ఇప్పుడు ఆపరేషన్లూ మారాయట, పక్కింటావిడ బిళ్ళ మర్చిపోతే ఫోన్ చేసి మరీ అడిగేవాళ్ళున్నారు. బాబాయికి మేమున్నాం.

రిక్షానీ, కాకుల్నీ మీరెలాగూ భాగించుకునే ఉంటారు. నేను నిజంగా అల్లింది ఒక్కటే. టానిక్ తాగమని నేను అనలేదండి, పిన్ని ఒక్కతే అంది. నేను కాటా పక్కన నిలబడి, ఈ వారం ఎంత తగ్గాడో అందరికీ వినపడేలా అరిచి చెప్పేవాణ్ణి.