జరుగుండ్రి అన్నది ఎవరు?

దేవుడి గూట్లో దీపం ఇంకా వెలుగుతోంది. దాని ఎదుటే కూర్చుని చెబుతున్నాను... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నేను బడికి పోయినదాన్ని కాను. మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ఉన్నది ఉన్నట్టు రాయడమే నాకు తెలుసు.

కేసముద్రంలో మాకు మిర్చి గోదాం ఉంది. దాని వాకిట్లో ఒక చిన్న గది. మంగ్లి ఇద్దరు పిల్లలతో అందులో ఉంటుంది. ఆమె భర్త బీక్యా మా దగ్గరే హమాలీ. నిరుడు బస్తా మోస్తూ మోస్తూనే కూలిపోయి ప్రాణం వదిలాడు. ఇప్పుడు ఆ గది వేరే పనికి కావాలట. క్రిస్మస్ మర్నాడే ఖాళీ చేయమన్నారు మా ఆయన. పిల్లలతో ఎక్కడికి పోతుంది? ఆయన్ని అడిగే ధైర్యం లేక, నేను రోజూ దేవుణ్ణి అడిగాను.

క్రిస్మస్ ముందురోజు రాత్రి. మంగ్లి వెళ్లే చర్చివాళ్లు మా గోదాం తెల్లగోడ మీద సినిమా వేశారు. పిసినారికి క్రిస్మస్ రాత్రి దయ్యాలు బుద్ధి చెప్పే పాత కథే, ఈ కాలానికి మార్చారు. పెద్ద కంపెనీ యజమాని. పండుగ పూట పనివాళ్లను తీసేస్తాడు. బస్తీ కూల్చి మేడలు కడతానంటాడు. నాయకులంతా అతని పక్కనే. రాత్రి దయ్యాలు వచ్చి, అతని వల్ల ఎవరి గతి ఏమైందో చూపిస్తాయి. నాకైతే ఒళ్లంతా కళ్లే!

మా ఆయన కుర్చీలో కూర్చుని నవ్వారు. "దయ్యాలకు గూడ ఎర్రజెండ పట్టిచ్చిండ్రు గదా."

ముసలి హమాలీ ఎంకన్న వెంటనే అందుకున్నాడు. "మేమడిగితే ఇంటలేరు గద సేటూ. ఇగ దయ్యాలే అడగాలె."

అందరూ గొల్లుమన్నారు. సరిగ్గా అప్పుడే... కరెంటు పోయింది.

చిమ్మచీకటి. అప్పుడు వినిపించింది... గేటు వైపు నుంచి.

ధప్... ధప్... ధప్...

బరువు మోసేవాడి అడుగులు. మిర్చి ఘాటు గుప్పుమంది. దగ్గు వచ్చింది నాకు. కొత్త మిర్చి ఇంకా రానేలేదు... గోదాం ఖాళీ.

"జరుగుండ్రి... జర జరుగుండ్రి..."

వంగి బస్తా మోసే హమాలీకి ఎదురుగా ఉన్నది కనిపించదు. అందుకే అలా అరుస్తూ వస్తాడు. ఆ కేక వింటే మార్కెట్లో జనం వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు. మేమూ తప్పుకున్నాం. చాపలు ఈడ్చుకుంటూ... పిల్లల్ని ఒళ్లోకి లాక్కుంటూ. అడుగులు నా మోకాలి పక్కనుంచే పోయాయి. నేల అదిరింది.

మా ఆయన కుర్చీ ముందు ఆగాయి.

"సేటూ... జర జరుగు."

కుర్చీ కిర్రుమంది. తర్వాత మంగ్లి గడప దగ్గర... ధబ్బుమని బస్తా దించిన మోత.

కరెంటు వచ్చింది.

గేటు నుంచి మంగ్లి గడప దాకా, జనం మధ్య ఒక బాట. బస్తాతో మనిషి పట్టేంత వెడల్పు. అందులో ఎవరూ లేరు. గడప దగ్గర ఏమీ లేదు. మా ఆయన కుర్చీతో సహా గోడకు ఆనుకుని ఉన్నారు. ముప్పై ఏళ్లలో ఆయన ఒక హమాలీకి దారి ఇవ్వడం నేను చూడలేదు... వాళ్లే చుట్టు తిరిగి పోయేవారు.

"ఎవడన్నడు రా, జరుగుమని?"

మంగ్లి గడప వైపే చూస్తూ నా చెవిలో అంది. "పిల్లల నాయిన బస్తా గట్లనే దించుతుండె అక్కా... ఎత్తి పడేసినట్టు."

తెల్లారి మా ఆయన, ఆ గదికి వేయాలని తెచ్చిన తాళంకప్పను దేవుడి గూట్లో పెట్టారు. "ఉండనియ్యి ఆమెను," అన్నారు. అంతే.

చీకట్లో హమాలీల్లో ఎవరో కొంటెగా అరిచి ఉండొచ్చు. మరి ఆ ఘాటు? ఆ అదురు? రోజూ దండం పెట్టుకుంటున్నాను... నా దేవుడికో, మంగ్లి దేవుడికో, బీక్యాకో తెలియదు. ఆ గడప ముందు నుంచి పోయేటప్పుడు మాత్రం కాస్త పక్కకు జరుగుతున్నాను.

నిన్న చూశాను... మా ఆయన కూడా.