నేను తయారుచేసిన లీడరు

ఆ రోజుల్లో ఒక ఊరిని బాగుచేయడానికి రెండేళ్ళు చాలని మాకు గట్టి నమ్మకం. ఎవరైనా మూడేళ్ళు పడుతుందంటే వాళ్ళకు నిబద్ధత లేదని తీర్మానించేవాళ్ళం. ఎనభైల మొదట్లో హనుమకొండలో నేను చదివిన పీజీ కోర్సు అలాంటిది మరి. సమాజసేవ, అందులో నాయకత్వం, ఆపైన ఊరివాళ్ళ చేత ఊరికి లాభం వచ్చే వ్యాపారం పెట్టించడం, ఇవన్నీ నాలుగు సెమిస్టర్లలో నేర్పేసేవారు. పుస్తకాలన్నీ ఇంగ్లీషువే. వాటిలోని పల్లెటూళ్ళలో ప్రతి రైతుకూ ఒక ట్రాక్టరూ, దాని పక్కన నవ్వుతూ నిలబడ్డ ఒక భార్యా ఉండేవాళ్ళు. మేం పన్నెండు మందిమి ఖద్దరు సంచులు తగిలించుకుని, నుదుటి మీద దేశం బరువుతో తిరిగేవాళ్ళం (సంచిలో టిఫిన్ డబ్బా తప్ప ఏమీ ఉండేది కాదు). మా నానమ్మకు మాత్రం ఈ చదువు ఎంత చెప్పినా అర్థం కాలేదు. "సేవ జేసెటందుకు సదువేందే? ఆకలైనోనికి ఇంత బువ్వ వెట్టనీకి గూడ ఎమ్మే గావాల్నా?" అనేది. బాపు అంత దూరం పోలేదు. "ఈ యేడు పాసైతె నీ ఇష్టమొచ్చిన కొలువు జేస్కో. ఫేలైతె మాత్రం టైపు ఇన్‌స్టిట్యూట్‌ల కూసుంటవ్. మల్ల నోరెత్తద్దు," అన్నాడు. ఒక సేవాసంస్థ వాళ్ళు పాసైన కాగితం తెస్తే ఉద్యోగం ఇస్తామన్నారు. అందుకని ఆ ఆఖరి సెమిస్టర్ నాకు చావో రేవో అన్నట్టు తయారైంది.

ఆ సెమిస్టర్ అంతా ఫీల్డ్ వర్కే. తొర్రూరు దాటాక ఒక ఊళ్ళో నెలన్నర ఉండి, అక్కడ సహజ నాయకుణ్ణి కనిపెట్టి, ఆయనకు శిక్షణ ఇచ్చి, ఆయన చేత ఒక సంఘం నడిపించాలి. చివర్లో హైదరాబాదు నుంచి పరీక్షాధికారి వచ్చి చూస్తాడు. నన్ను పంపేముందు మా ప్రొఫెసరు (మేం చాటుగా చార్టు సారు అనేవాళ్ళం, భార్య పంపిన కూరగాయల జాబితాను కూడా ఆయన చార్టుగానే గీసేవాడు) ఒక రహస్యం చెప్పాడు. "మీ నాయకుడెవరని ఊళ్ళో అడగవద్దమ్మా. అడిగితే సర్పంచి పేరే చెప్తారు. నువ్వు గమనించాలి. ఎవరొస్తే జనం లేస్తారు? ఎవరికి ముందు చాయ్ ఇస్తారు? ఎవరి మాటకు ఎదురు చెప్పరు? మార్కులు వేసుకుంటూ పో. వారం రోజుల్లో నాయకుడు తనంతట తానే తేలతాడు," అన్నాడు. నేను ఆ ముక్కను మంత్రంలా రాసుకుని బస్సెక్కాను.

నిజంగానే తేలాడు. వారం కూడా పట్టలేదు. పాతికేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, మాట మెత్తన. ఆయన ఏ వాకిట్లోకి వస్తే ఆ వాకిట్లో మంచం పడేది, దాని మీద దుప్పటి కూడా పడేది. ముసలివాళ్ళు సైతం అరుగు మీంచి లేచి చోటిచ్చేవారు. చాయ్ ఆయనకే ముందు, అదీ గాజు గ్లాసులో. ఆయన ఎండ బాగా కొడుతోందంటే అందరూ అవునవునని, కాసేపటికి గాలి చల్లగా ఉందంటే దానికీ అవునవుననేవారు. ఇక ఆడవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. ఆయన కనపడగానే కొంగులు నెత్తి మీదికి లాక్కుని, గోడ వైపు తిరిగి, గప్‌చిప్‌గా కూర్చునేవారు. నేను నోట్‌బుక్‌లో "అపారమైన ఆకర్షణ శక్తి. సమక్షంలో సంపూర్ణ నిశ్శబ్దం" అని రాసి కింద రెండు గీతలు గీశాను. సర్పంచికి నా లెక్కలో పది మార్కులు కూడా రాలేదు. (ఊళ్ళో కొందరు ఆయన్ని 'అల్లుడు' అని పిలవడం విన్నాను. కానీ ఆ ఊళ్ళో పోస్ట్‌మ్యాన్‌ను బావ అంటారు, కండక్టర్‌ను మామ అంటారు, నన్ను అప్పటికే ఇద్దరు కోడలా అని పిలిచారు. కాబట్టి పట్టించుకోలేదు.)

అప్పుడు మిరపకాయల కాలం. ఇళ్ళ ముందు, దారి పొడవునా ఎర్రగా ఎండుతున్నాయి. పదహారు మంది ఆడవాళ్ళను కూడగట్టి, కాయలు దళారికి అమ్మకుండా కారం దంచి హనుమకొండలో హాస్టళ్ళకు పంపే సంఘం పెట్టించాను. ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశాను. పదహారు మంది ఆడవాళ్ళకు మగ అధ్యక్షుడేమిటని అడగాల్సిన బుద్ధిమంతురాలిని నేనే. కానీ చేతిలో చార్టు ఉన్నప్పుడు బుద్ధితో పనేముంది? ఆయన "నాకెందుకు మేడం" అని రెండుసార్లు నసిగాడు. వినయం నాయకుడి లక్షణమని పుస్తకంలో ఉంది, దానికీ మార్కులు వేశాను. తర్వాత రోజూ గంటసేపు శిక్షణ. సభ ఎలా ప్రారంభించాలి, కళ్ళలోకి చూసి ఎలా మాట్లాడాలి అని చెప్పేదాన్ని. (ఆయన కళ్ళలోకి చూద్దామంటే అక్కడ పదహారు వీపులుండేవి.)

మూడో సమావేశంలో పని సులువు చేయడం గురించి మీ సలహా ఏమిటని అందరి ముందూ ఆయన్ని అడిగాను. ఆయన కాసేపు దూలం వైపు చూసి, "తొడిమెలు తీసుడు ఎందుకు? తొడిమెలతోటే దంచుదాం. సగం పని తప్పుతది," అన్నాడు. తొడిమెలతో కారం దంచుతారా! ఊళ్ళో ఐదేళ్ళ పిల్లనడిగినా నవ్వుతుంది. అయినా పదహారు తలలూ గోడ వైపు తిరిగే ఊగాయి. నాకు ఒళ్ళు మండింది. ప్రజాస్వామ్యం మీద అరగంట ఉపన్యాసం దంచాను. నాయకుడు తప్పంటే తప్పనాలి, ప్రశ్నించని సంఘం సంఘమే కాదు, ఎవరో ఒకరు లేవండి అని వెంటపడ్డాను. ఆఖరికి ఊరంతా తుపాకత్త అని పిలిచే ఒకావిడ లేచింది. నలభై యేళ్ళుంటాయి, భర్త పోయాక ఒంటిచేత్తో వ్యవసాయం చేసుకుంటోంది, పేలకుండా నోరు మూసుకోలేదు కాబట్టి ఆ పేరు. "తొడిమెలతోటి దంచుడేంది అల్లుడా? మీ ఊర్ల గిట్లనే తింటాండ్రా? గడ్డి గూడ గలుపుకుంటరా?" అంది. మిగతా పదిహేను వీపులూ ఒక్కసారి కదిలాయి నవ్వుతో. నేను చప్పట్లు కొట్టాను. ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. విమర్శను హుందాగా స్వీకరించాడని రాసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నేనుండే బాల్వాడీ గది ముందు ఒక పెద్దమ్మ ఏడుస్తూ కూర్చుంది. "ఏం జేస్తివి బిడ్డా! మా అల్లుడు అలిగి పొద్దుగాల్ల బస్సుకే పోయిండు. తొలిసూరు పిల్లను జూడొచ్చిన మనిషిని, ఆడోళ్ళందర్ల నగుబాటు జేస్తివి. బాలింత బువ్వ ముడతలేదు." నాకు ఇంకా తలకెక్కలేదు. మీ అల్లుడెవరు పెద్దమ్మా అన్నాను. ఆమె ఏడుపాపి నా మొహం వింతగా చూసింది. "ఎవరేంది? నువ్వు లీడర్ను జేస్తివి గాదు, గాయనే!"

సిగ్గుతో చచ్చిపోవాలనిపించిందంటే నమ్మండి. మంచం, దుప్పటి, గాజు గ్లాసు, అవునవుననడం, కొంగు కప్పుకున్న పదహారు మంది వరసకు అత్తగార్లు! తెలంగాణలో పుట్టి పెరిగినదాన్ని, ఒక ఇంటి అల్లుడు ఊరందరికీ అల్లుడేనని నాకు తెలియదా? నాలుగు సెమిస్టర్లు చదవక ముందైతే తెలిసేది. పరీక్షాధికారి వచ్చేది ఎల్లుండి. ఆ మాట ఎవరికి గుర్తుంది? పెద్దమ్మ ఇంట్లో నెల దాటిన పిల్లను పక్కలో వేసుకుని ఆమె కూతురు గోడ వైపు తిరిగి పడుకుంది. ఆయన పిల్లకు పేరు పెట్టకుండానే పోతే, వాళ్ళవైపు వాళ్ళు దీన్ని ఎంత దూరం లాగుతారోనని పెద్దమ్మ భయం. "అలిగేటట్టు జేసినోళ్ళే పోయి తోల్కరావాలె," అని ఊరి పెద్దమనుషులు తీర్పు చెప్పారు. నన్నూ, తుపాకత్తనూ మరిపెడ బస్సెక్కించారు.

దారిపొడవునా తుపాకత్త నన్ను కడిగేసింది. "నేనడిగిన్నా? నువ్వు అడుగు అడుగుమని సంపితెనే గద అడిగిన!" అంది. మరిపెడ దాటి రెండు మైళ్ళు నడిస్తే వాళ్ళ ఊరు. మా నాయకుడు వాకిట్లో లుంగీ ఎగగట్టి బర్రెను కడుగుతున్నాడు. మాకు మంచం వేసినవాళ్ళు లేరు, ఆయనకు అసలే లేరు. "అరేయ్, కుడితి ఎవడు వెడ్తడు, నీ అయ్యనా?" అని లోపలినుంచి వాళ్ళమ్మ అరుస్తోంది. మేం వచ్చిన సంగతి, ఈయన అక్కడ లీడరైన సంగతి విని ఆ ముసలామె నోట్లో తమలపాకు బయటపడేదాకా నవ్వింది. "మావోడా? సంఘానికా? నాయినో!"

ఆయన చేతులు తుడుచుకుని నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "మేడం, ఒక ముచ్చట జెప్త, గుస్సా గావద్దు. మా దిక్కు పత్తే వెడ్తం. మిర్చి సంగతి నాకేం ఎరుక? మీరు అందర్ల ముందట అడిగితిరి. అత్తగారూర్ల తెల్వదంటె ఇజ్జత్ ఉంటదా? నోటికేదొస్తె అదన్న," అన్నాడు. మరి మొదట్లోనే వద్దనలేకపోయారా అన్నాను. "మీ మాట నేనెట్ల కాదంట? మీకు గూడ ఊరంత గట్లనే మర్యాద జేస్తాంది గద. కుర్చీ ఏస్తాండ్రు, చాయ్ వోస్తాండ్రు, ఏమన్నా అవునంటాండ్రు. నాలుగు దినాలుండి పోయేటోళ్ళం గద మనిద్దరం," అన్నాడు. ఎగతాళికి అనలేదు, ఓదార్పుగానే అన్నాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. నా ఉపన్యాసాలకు ఊగిన తలలన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. తుపాకత్త అప్పుడే కల్పించుకుని, "మాటన్నది నేను, తప్పయింది అల్లుడా, మా ఊరి బిడ్డ మొగం జూసి రా," అని ఆయన గడ్డం పట్టుకుంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పిల్లను జూడక నాకు గూడ మనసున వడ్తలేదు. కని ఆ అధ్యక్షుడు మాత్రం నాకద్దు మేడం," అన్నాడు. నేను రెండు చేతులెత్తి దండం పెట్టాను.

తిరుగు బస్సులో దుఃఖం ఆగక తుపాకత్తకు నా సంగతంతా చెప్పాను. ఎల్లుండి చూపించడానికి నాయకుడు లేడని, ఫేలవుతానని, మా బాపు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చోబెడతాడని చెప్పాను. ఆమె అంతా విని, కొంగుతో నా ముక్కు తుడిచి, "నువ్వు ఫికర్ జెయ్యకు. మేం లేమా?" అంది.

పరీక్ష రోజు జీపు దిగిన అధికారికి మంచం పడింది, దుప్పటి పడింది, గాజు గ్లాసు వచ్చింది. చార్టు సారు నా చార్టులు గోడకు అంటించాడు. తిరిగొచ్చిన అల్లుడుగారు ఇంట్లో పిల్లను ఊపుతూ కూర్చున్నాడు, బయటికి తొంగి కూడా చూడలేదు. అధికారి మంచానికి పది అడుగుల దూరంలో తుపాకత్త చెప్పిన ప్రకారం నలుగురు తొడిమెలు తీస్తున్నారు, నలుగురు దంచుతున్నారు, నలుగురు జల్లెడ పడుతున్నారు, మిగతావాళ్ళు సంచులు కుడుతున్నారు. తుపాకత్త బస్సెక్కేముందు చెప్పిపోయిన ఈ ఏర్పాటంతా మేం మరిపెడ వెళ్ళిన రోజే మొదలైందట, నేను లేను కాబట్టి. అధికారి దాన్ని చూడలేదు. చార్టు చూసుకుంటూ, "మీ లీడరెవరమ్మా?" అని అడిగాడు. తుపాకత్త రోకలి పక్కన పెట్టి ముందుకొచ్చింది. "ఇంకెవరు సారు? గీ పిల్లనే! ఈమె లేకుంటె మాకేం తెల్వది. ఈమె కూసోమంటె కూసుంటం, లెవ్వుమంటె లేస్తం," అంది. మిగతా పదిహేను మందీ అవును సారూ అన్నారు.

ఇంతకంటే ఘోరమైన జవాబు మా కోర్సులో లేదు. బయటినుంచి వచ్చినవాళ్ళే నాయకులై కూర్చుంటే పని మొత్తం దండగ అని మా సిద్ధాంతం. చార్టు సారు మొహం మాడిపోయింది. అధికారి కళ్ళజోడు సర్దుకుని, "మరి ఈమె వెళ్ళిపోయాక ఎలా?" అన్నాడు. "బందు వెడ్తం సారు! ఈమె లేని సంఘం మాకెందుకు?" అంది తుపాకత్త మరింత ఉత్సాహంగా. నేను నోరు తెరిచాను. కాదండీ, అసలు నాయకురాలు ఈమే, అటు చూడండి అని చెప్దామని. తుపాకత్త నా వైపు కళ్ళురిమి చూసి, "నువ్వూకో పిల్లా, పెద్దోళ్ళు మాట్లాడ్తాండ్రు," అంది. ఊకున్నాను. ఆ నెలన్నరలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

మార్కులు పాసుకు ఎన్ని కావాలో అన్నే వచ్చాయి, ఒక్కటి ఎక్కువ లేదు. మా పన్నెండు మందిలో కిందినుంచి మొదటి స్థానం నాదే. చార్టు సారు ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరేముందు ఆ ఊరికి వెళ్ళాను. కారం సంచులు బండికెత్తిస్తూ తుపాకత్త దూరం నుంచే అరిచింది. "పాసైతివా?" పాసయ్యానత్తా అన్నాను. దగ్గరికొచ్చి బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. కారం చేతులు, కళ్ళు భగ్గుమన్నాయి. "సూస్తివా మరి! ఆ దినం మేం గట్ల జెప్పకపోతె నీ పని ఖతమే గద!" అంది.

అవునత్తా, మీరు చెప్పబట్టే అన్నాను. ముప్ఫై యేళ్ళు ఇదే పనిలో ఉన్నాను, నాయకత్వం మీద కుర్రకారుకు బోలెడు పాఠాలు చెప్పాను. ఆ జవాబుకు దాదాపు ఫేలయ్యానన్న నిజం మాత్రం ఆమె ఉన్నన్నాళ్ళూ ఆమెకు చెప్పలేదు. నోట్‌బుక్ గుండెకు హత్తుకుని, ఏడుపూ నవ్వూ కలిసిన మొహంతో ఆ ఎర్రటి వాకిట్లో నిలబడ్డ ఆ పిల్లను, అప్పటి నన్ను, తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంతమంది ఆ పిల్లను అంత ప్రేమగా ముంచారు కదా అనుకుంటే కాస్త ఈర్ష్యగా కూడా ఉంటుంది.