ప్లేటు మీద బొట్టు

పెద్ద ప్లాస్టిక్ పైపులను కరిగించి అతికించే మిషన్లు కొని మల్సూరు ఎల్బీ నగర్‌లో షెడ్డు తెరిచిన ఏడాదే సకల జనుల సమ్మె వచ్చింది. కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. దసరా నాడు ఆయుధపూజ చేస్తూ అతని భార్య యాదలక్ష్మి, పైపుల అంచులను కరిగించే హీటర్ ప్లేటుకు పసుపు రాసి, నిండుగా కుంకుమబొట్టు పెట్టింది. ఆ ప్లేటు మీద వేలిముద్ర పడినా అతుకు నిలవదని మల్సూరుకు తెలుసు. గుడ్డ అందుకున్నాడు.

"పూజల పెట్టిన బొట్టు తుడుస్తరా ఎవరన్న? ఇయ్యాల్టికి ఉండనియ్యి," అందామె.

అంతలో కరెంటొచ్చింది. మళ్లీ పోతుందన్న తొందరలో బొట్టుతోనే పైపులు అతికించేశాడు. నీళ్లు వదిలి చూసిన రోజు ఆ అతుకే విడిపోయింది. పని ఇచ్చిన కాంట్రాక్టరు మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కలేదు.

"ఎట్ల ఇడిపోయింది?" అని యాదలక్ష్మి అడిగింది.

"కరెంటు సక్కగ లేకపాయె. సమ్మె గద," అన్నాడు.

తెలంగాణ కోసం నడిరోడ్డు మీద బతుకమ్మ ఆడిన మనిషి, ఆనాటి నుంచి సమ్మెను తిట్టిపోసేది.

వేరే పని దొరక్క, చలి ముదిరేసరికి మిషన్లు అమ్మేశాడు. ట్రాలీ ఎక్కించే ముందు ఆమె కుంకుమ తెచ్చింది.

"కొన్నోళ్లకన్న కలిసిరావాలె," అంటూ ఆ ప్లేటుకే మళ్లీ బొట్టు పెట్టింది.

మల్సూరు జేబులో గుడ్డ ఉంది. తీయలేదు.