మామ గాలాలు, నా తలనూనె

పెళ్ళయిన నాలుగేళ్ళలో మా మామ నన్ను చెరువుకు ఒక్కసారీ పిలవలేదు. ఆయనది పెనుకొండ, నాది హిందూపురం. వానలు పడి చెరువు నిండిన ఏడు ఆయన గాలం పట్టుకుని గట్టు మీదే ఉంటాడు. పక్కింటివాళ్ళను పిలుస్తాడు, ఎదురింటివాళ్ళను పిలుస్తాడు, అల్లుణ్ణి మాత్రం పిలవడు. పుస్తకాలు చదివేటోడు గట్టు మీద కూర్చుంటే చేపలు పారిపోతాయట.

పదో తరగతితో బడి మానేసిన నేను మిగతా చదువంతా లైబ్రరీలోనే చదువుకున్నాను. గ్రహణం ఎందుకు పడుతుందో, తేలు కుడితే ఏం చేయాలో నన్నడగండి. అడగకపోయినా చెబుతాను.

ఈసారి చెరువు నిండేసరికి మామ డబ్బాలోని ఐదు గాలాలూ తుప్పు పట్టి ఉన్నాయి.

"నాకియ్యి మామా, శాస్త్రప్రకారం తుప్పు తీసి తెస్తా" అన్నాను.

"శాస్త్రం యాడన్నా చాపను పట్టిండాదా?" అన్నాడు గాని, ఇచ్చాడు. "ఆదివారానికి తేప్పా. బాగుంటే నువ్వూ రా చెరువుకు."

నాలుగేళ్ళ తర్వాత వచ్చిన పిలుపు అది. మరునాడే లైబ్రరీలో ఇంటి చిట్కాల పుస్తకం తీశాను. పులుపులో నానబెట్టి రుద్దితే తుప్పు పూర్తిగా పోతుందని పేజీ అడుగున ఉంది. వాక్యం అంత నిండుగా ముగిశాక పేజీ తిప్పాల్సిన పని నాకు కనబడలేదు.

శనివారం చింతపండు రసంలో నానబెట్టి పాత బ్రష్షుతో రుద్దాను. కొత్త సూదుల్లా మెరిశాయి. మా ఆవిడకు రెండుసార్లు చూపించాను, మూడోసారి చూడనంది. ఆ మెరుపు చెడకూడదని, మల్లెపూలను చుట్టినట్టు తడిగుడ్డలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టాను. ఆదివారం పొద్దున బస్సులో సోమందేపల్లి దాకా పక్క సీటాయనకు తుప్పు గురించి వివరించాను. ఆయన సోమందేపల్లిలో దిగిపోయాడు.

పెనుకొండలో మామ, అత్త, ఇద్దరు పక్కింటివాళ్ళ ముందు మూత తీశాను. గాలాలు ఎర్రగా ఉన్నాయి. గుడ్డా ఎర్రగానే ఉంది.

"ఏమప్పా, తుప్పు తీయమంటే కుంకుమ పెట్టి తెచ్చినావే?" అన్నాడు మామ.

లైబ్రరీలో ఆ వాక్యం రాసుకున్న నోటుబుక్కు తీశాను. "పోతుందనే ఉండాది మామా ఈడ."

"పోయింటాది. మళ్ళా వచ్చింది."

అత్త గాలాలు తీసుకుని బూడిదతో తోమి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టింది. "నూనె తగలకుంటే రేపటికి మళ్ళా ఇంతే. మీ మామకు జుట్టున్నప్పుడు ఈ బాధే లేకుండె" అంది.

అప్పట్లో చెరువు నుంచి రాగానే మామ గాలాన్ని తుడిచి తలలో రుద్దుకునేవాడట, ఆడవాళ్ళు కుడుతూ కుడుతూ సూదిని రుద్దుకున్నట్టు. సీసా నూనె ముద్దగా పడుతుంది, తలనూనె పలచగా అంటుకుంటుంది. జుట్టు పోయింది, గాలాలకు తుప్పు వచ్చింది.

అందరూ నా తలవైపు చూశారు. పొద్దునే దండిగా కొబ్బరినూనె పెట్టుకుని దువ్వుకున్న తల.

"వంగప్పా" అన్నాడు మామ.

నాలుగు గాలాలు బుద్ధిగా వెనక్కి వచ్చాయి. ఐదోది జుట్టులో చిక్కుకుంది.

"చాపకేసేది అల్లునికేసినావే!" అంటూ అత్త కత్తెర తెచ్చింది.

చెవి పైన జుట్టు కత్తిరించిన గుర్తుతోనే ఆ పూట చెరువుగట్టు మీద మామ పక్కన కూర్చున్నాను. చేపలు పారిపోలేదు. అలాగని పడనూ లేదు.

సోమవారం లైబ్రరీకి వెళ్ళి పేజీ తిప్పాను. తుప్పు తీసిన వెంటనే ఆరబెట్టి నూనె రాయాలని మొదటి వరుసలోనే ఉంది. ఎవరి తల నుంచి తీయాలో మాత్రం లేదు.

ఇప్పుడు ప్రతి శనివారం మామ ఫోన్ చేస్తాడు.

"రేపు చెరువుకు పోతాండా. తలకు నూనె పెట్టుకొని రాప్పా."