మోగని చోట ఆగిన ఉలి

ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయాల్సి వచ్చింది. మా మేస్త్రి తాత పోయి నెల దాటింది. ఆయన ఆఖరున చెక్కిన రాయి ఆళ్లగడ్డలో రోడ్డు పక్క షెడ్డులో ఉంది. వచ్చే నెల సగానికల్లా ఆ షెడ్డు ఖాళీ చేయాలి. రాయికి వేరే చోటు దొరక్కపోతే కంకర మిల్లుకు పోతుంది. మనసు కుదుటపడ్డాక నిదానంగా రాద్దామనుకున్నాను. అంత వ్యవధి లేదు.

ఆయన పోయిన సంగతి మా నాయన ఫోన్లో చెప్పాడు. నేను నంద్యాలలో ఒక బడిలో డ్రాయింగ్ టీచర్ని. ఆరో తరగతి పిల్లలు కూజా బొమ్మ వేస్తున్నారు.

"మేస్త్రి పోయినాడు పాపా. ఉలి పక్కన పెట్టి నీళ్లడిగినాడు. నేను చెంబు తెచ్చేలోపలే..." అని ఆగిపోయాడు నాయన. ఆయన వెనక ఎవరో రాయి కొడుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది. కాసేపటికి అదీ ఆగింది. షెడ్డులో అందరికీ తెలిసిపోయిందని అర్థమైంది.

మేస్త్రి తాత దేవుళ్ల విగ్రహాలు చెక్కేవాడు. ఆయన దగ్గరే పనిచేసే మా నాయన వాటికి నీళ్లు పోసి సానరాయితో రుద్ది నునుపు చేసేవాడు. వారంలో ఆరు రోజులు విగ్రహాలు రుద్ది, ఆదివారం తెల్లచొక్కా వేసుకుని మమ్మల్ని చర్చికి తీసుకుపోయేవాడు. దీని గురించి ఎవరైనా అడిగితే, "నేను రాయికి పాలిష్ చేస్తాండా, అంతే" అనేవాడు. అంతకు మించి ఎప్పుడూ వాదించలేదు.

సెలవుల్లో నాయనకు అన్నం క్యారియరు నేనే తీసుకుపోయేదాన్ని. తొమ్మిదేళ్లప్పుడనుకుంటా, ఒక రోజు మేస్త్రి తాత నన్ను పిలిచాడు. నా నడుమంత ఎత్తున్న నల్లరాయికి నా చెవి ఆనించమన్నాడు. చిన్న సుత్తితో పై నుంచి కిందికి తట్టుకుంటూ వచ్చాడు.

"ఏం వినపడతాంది?"

"గంట మాదిరి ఉంది తాతా."

"యాడ ఆగిపోయింది?"

నాకు తెలియలేదు. ఆయన మళ్లీ తట్టాడు. మళ్లీ తెలియలేదు. అప్పుడు బొగ్గుతో రాయి మీద ఒక గీత గీశాడు. "ఈడ లోపల పగులుంది. పైకి కనపడదు. ఇది దేవునికి పనికిరాదు" అని మనుషుల చేత దాన్ని షెడ్డు వెనక్కి దొర్లించాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అది పనివాళ్లు క్యారియర్లు పెట్టుకునే బల్ల అయింది.

తట్టి చూడటం ఆయనకు ఊపిరి తీసినంత అలవాటు. పుచ్చకాయను తట్టేవాడు, అది అందరూ చేసేదే. మా ఇంటికొస్తే గోడను తట్టేవాడు, తలుపును తట్టేవాడు, మా అమ్మ పెట్టిన సత్తు గిన్నెను కూడా తట్టేవాడు. నేను హైదరాబాదులో బొమ్మల చదువుకు పోయే రోజు బస్టాండుకు వచ్చి నా ట్రంకుపెట్టెను తట్టి, "గట్టిదే. పో" అన్నాడు. ఆ చదువుకు నాయనను ఒప్పించింది కూడా ఆయనే. పదో తరగతితో చాలనుకున్న నాయనతో, "ఈ పాప చెయ్యి పెన్సిలు పట్టుకునే చెయ్యప్పా. దాన్ని నీ సానరాయికి కట్టెయ్యాకు" అన్నాడట.

మా అవ్వ చనిపోయినప్పుడు సమాధి పలక ఆయనే చెక్కాడు. ఆయనకు అక్షరాలు రావు. మా ఇంట్లో రాయడం వచ్చినదాన్ని నేనొక్కతెనే. సుద్దముక్క నా చేతికిచ్చి, "నువ్వు ఎట్ల దిద్దితే అట్లనే చెక్కుతా. వంకర పోతే వంకరే ఉంటాది. నిదానంగా దిద్దు" అన్నాడు. ఎంత నిదానంగా దిద్దినా ఒక అక్షరం పక్కకు ఒరిగింది. ఆయన దాన్ని సరిచేయలేదు. ఇప్పటికీ మా అవ్వ పేరులో మూడో అక్షరం అట్లాగే ఒరిగి ఉంటుంది. ఆ పలక ముందు నిలబడ్డ ప్రతిసారీ, ఒక పెద్దమనిషి నా రాతను అంత నమ్మాడా అనుకుంటాను.

పోయిన చలికాలంలో ఢిల్లీలో అంతర్జాతీయ ఆధునిక కళల ప్రదర్శన జరిగింది. నాతో చదివిన అమ్మాయి రెండు పాసులు పంపింది. నాయనను రమ్మన్నాను. "నాకెందుకు పాపా, మేస్త్రిని తీసకపో. ఆయన సూస్తే నేను సూసినట్టే" అన్నాడు.

"ఏం జాతర అది?" అన్నాడు మేస్త్రి తాత.

"జాతర కాదు తాతా. దేశదేశాల బొమ్మలు తెచ్చి పెడతారు. చూసేవాళ్లు చూస్తారు, కొనేవాళ్లు కొంటారు."

"మరి జాతరే కదా."

పంచె మీద నాయన స్వెట్టరు, తలకు మఫ్లరు, భుజానికి గుడ్డసంచి. రెండు రోజుల రైలుకు సరిపడా జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. ప్రదర్శన గేటు దగ్గర సంచి తనిఖీ చేస్తే, రొట్టెల మూట కింద చిన్న సుత్తి బయటపడింది. సుత్తితో లోపలికి పోకూడదన్నారు. దాన్ని కౌంటరులో పెట్టించి టోకెను తీసుకున్నాను.

"సుత్తి లేకుండా నేనేం సూసేది పాపా?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

లోపల అంతా కొండంత డేరాలు, తెల్లగోడలు, నీడే పడనంత వెలుగు. ఒకచోట చిరిగిన చీరలు వందలకొద్దీ పైనుంచి వేలాడుతూ గాలికి మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు కదిలాయి. ఒకచోట గోడంతా ఒక్క నీలం రంగు, అందులో ఏ బొమ్మా లేదు. చదువుకున్న నాకే ఎక్కడ చూడాలో తెలియలేదు. ఇదేం బొమ్మ అని తాత ఎగతాళి చేస్తాడేమో, ఏం జవాబు చెప్పాలా అని భయపడుతూ ఉన్నాను. ఆయన ఆ నీలం ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"గుడి కాదు తాతా ఇది."

"పని జరిగింది కదా" అన్నాడు. "ఇంత నీలం ఒక్క తీరుగా కలిపేదానికి ఆ మనిషి ఎన్ని దినాలు కూసున్యాడో."

పక్కనున్న విదేశీ ఆవిడ ఆయన్ను చూసి, అదే నియమమనుకుని తన బూట్లు విప్పింది. ఆమెను చూసి ఇంకొకరు. అక్కడినుంచి ఆయన్ను బయటికి లాక్కొచ్చాను.

ఆ పక్క స్టాలులో ఒక రాయి ఉంది. నల్లది, మనిషి ఎత్తు. నిలువునా ఒక సగం నీళ్లలా మెరుస్తోంది. మిగతా సగం కొండ నుంచి ఊడి వచ్చినట్టే గరుకుగా, మట్టిరంగులో ఉంది. ముందు 'ముట్టుకోరాదు' అని బోర్డు. నేను గోడ మీద శిల్పి గురించి రాసింది చదువుతున్నాను. వెనక ఖంగుమని వినిపించింది.

తాత వేలి కణుపులతో రాయిని తడుతున్నాడు. కాపలా మనిషి వచ్చాడు. స్టాలులో అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "క్షమించండి, పల్లెటూరి మనిషి, తెలియక ముట్టుకున్నాడు" అని ఇంగ్లీషులో గబగబా చెప్పేశాను.

ఆయన మా ఎవరి వైపూ చూడలేదు. చెవి రాయికి ఆనించి ఉంది. మెరిసే వైపు తట్టాడు, గంట మోగింది. గరుకు వైపు తట్టాడు, మొద్దుగా పలికింది. రెండింటి నడుమ, నునుపు ఆగిపోయి గరుకు మొదలయ్యే అంచు వెంబడి గోటితో కింది దాకా గీసుకుంటూ పోయాడు. లేచి నిలబడేసరికి ఆయన కళ్లనిండా నీళ్లు.

"ఈ పిల్లకు చెప్పు పాపా. ఈయప్ప రాయిని విన్యాడు. యాడ మోగుతాదో ఆడిదాకా చెక్కినాడు. మోగని కాడ ఉలి ఆపినాడు. మేమైతే దీన్ని అవతల పడేస్తాం."

నేను చెప్పాను. ఆ అమ్మాయి చేతిలో పుస్తకం తిరగేసింది. అందులో ఆ సంగతి లేదు. శిల్పి ఎక్కడో దూరదేశంలో ఉన్నాడు, రాలేదు. ఆమె కాపలా మనిషి వైపు ఒకసారి చూసి, ఒంటివేలితో మెల్లగా రెండు వైపులా తట్టింది. "నాలుగు రోజులుగా దీని పక్కనే నిలబడుతున్నాను" అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

తాత ఆ రాయి ముందు నుంచి కదలడానికి గంటకు పైనే పట్టింది. నాలుగేళ్లు కళ గురించి చదివాను, పరీక్షలు రాశాను. ఒక మనిషి ఎప్పుడూ చూడని ఇంకొక మనిషి పనిని అట్లా వినడం మాత్రం ఆ రోజే చూశాను.

తిరుగు రైల్లో రొట్టె తుంచి నా చేతిలో పెడుతూ అడిగాడు. "ముందు ఆ పిల్లకు ఏం చెప్పినావు?"

అబద్ధం చెప్పలేకపోయాను. "తెలియక ముట్టుకున్నావని చెప్పినా తాతా."

"తెలిసే ముట్టుకున్యా" అన్నాడు. కోపమేమీ లేదు. పొడి ఇంకొంచెం వేశాడు. కిటికీ వైపు తిరిగి, "ఇన్నేండ్లు పగులుండే రాళ్లను పడేస్తా వచ్చినా. ఆయప్ప పడేయలేదు" అన్నాడు.

ఊరికొచ్చిన మర్నాడే క్యారియర్లు పెట్టుకునే ఆ రాయిని షెడ్డు ముందుకు తెప్పించాడు. చిన్నప్పుడు నేను చెవి ఆనించిన రాయే. విగ్రహాల పని అయ్యాక రోజూ కాసేపు దాని దగ్గర కూర్చునేవాడట. తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లని నాయన చెప్పాడు.

"ఏ సామి మేస్త్రీ ఇది?"

"ఏ సామీ గాదు."

"ఎవురు కొంటారు మరి?"

"ఎవురూ కొనరు. నీ క్యారియరు మాత్రం ఇంకో కాడ పెట్టుకో."

మోగే వైపు ఆయన చెక్కాడు, నాయన నెలల పాటు రుద్దాడు. పగులు దగ్గర ఉలి ఆగింది. ఆయన పోయిన రోజు ఆ అంచు మీద ఇంకా ఒక జానెడు పని మిగిలి ఉంది. నాయన దాన్ని ముట్టుకోలేదు. "అది ఆయన విని చెక్కాల్సింది, నేను రుద్దేది కాదు" అన్నాడు.

తాతకు మట్టి చేసి వచ్చాక షెడ్డుకు పోయి ఆ రాయిని తట్టి చూశాను. మోగింది. ఇంకొంచెం కిందికి తట్టాను, ఆగింది. తొమ్మిదేళ్లప్పుడు వినపడనిది ఈసారి వినపడింది. ఎక్కడ ఆగిందని అడిగేవాళ్లే లేరు.

షెడ్డు ఖాళీ చేస్తున్న మేస్త్రి కొడుకును తప్పుపట్టడానికి లేదు. "నేనేం చేసేది చెల్లే? దేవుని బొమ్మలైతే ఎవురో ఒకరు తీసకపోతారు. దీన్ని ఏందని చెప్పి ఇచ్చేది? ఇంటి ముందర బండి పెట్టేదానికే జాగా లేదు" అన్నాడు. నా అద్దె గది రెండో అంతస్తులో ఉంది.

అందుకని చదివేవాళ్లను అడుగుతున్నాను. నంద్యాలలో గానీ ఆళ్లగడ్డలో గానీ, గడివేముల వైపు గానీ, ఏదైనా బడి, గ్రంథాలయం, ఆసుపత్రి ఆవరణలో నాలుగడుగుల నేల ఇవ్వగలరా? ఎండా వానా దానికి ఫరవాలేదు. ట్రాక్టరు మేమే మాట్లాడుకుని తెచ్చి నిలబెడతాం. ఒక్క షరతు: ముట్టుకోరాదని బోర్డు పెట్టకూడదు. పిల్లలు తట్టాలి, చెవి ఆనించాలి.

ఇవ్వగలిగినవాళ్లు వచ్చే నెల పదో తేదీలోగా ఈ పత్రిక చిరునామాకు ఒక్క కార్డు ముక్క రాయండి. అంతవరకు మా నాయన రోజూ పొద్దున దాని మీద చెంబెడు నీళ్లు పోస్తూనే ఉంటాడు. ఒక వైపు నీళ్లు జారిపోయి రోడ్డు మీద పోయే లారీలు అందులో కనపడతాయి. రెండో వైపు రాయి ఆ నీళ్లను తాగేస్తుంది.